ఇంట్లో ఒంటరిగా ఉండలేని కుక్కకు బెంగ పోగొట్టడం ఎలా?

చెప్పు తినే కుక్కకు చెరకు తీపి తెలియదని సామెత. అది తింటున్నది ఎవరి చెప్పో మాత్రం సామెత కట్టినవారు చూసినట్టు లేదు. కొరకడానికి ఇంటి నిండా ఇన్ని వస్తువులుండగా, మీరు నిన్న రాత్రి విప్పిన చెప్పునే ఎందుకు పట్టుకుంటుంది? మీ వాసన బాగా పట్టిన వస్తువు అదే కాబట్టి. మీరు గడప దాటగానే మొదలై తిరిగి వచ్చేదాకా సాగే మొరుగుడు, ఊళ, తలుపును గోళ్ళతో రక్కడం, బయటికి తీసుకెళితే తప్ప మూత్రం పోయని కుక్క హాల్లో పోయడం, నేల తడిసేంతగా చొంగ కార్చడం కలిసి కనిపిస్తే పశువైద్యులు దాన్ని సెపరేషన్ యాంగ్జైటీ అంటారు. మీ మీద కక్షతో చేస్తున్నట్టు కనిపించినా, అవి పట్టలేని భయంలో చేసే పనులు. కుక్క బెంగ పెట్టుకుంది.

ఈ బెంగ తీరుతుంది. తిడితే తీరదు, కొడితే తీరదు, ‘నాలుగు రోజులు ఏడ్చి అదే అలవాటు పడుతుంది’ అని వదిలేస్తే ముదురుతుంది. దారి ఒక్కటే: భయం మొదలయ్యేలోపే తిరిగి వచ్చేయడం, ఆ వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం. చెప్పడానికి ఒక్క వాక్యమే, చేయడానికి వారాలు పడుతుంది, కొన్ని కుక్కలకు నెలలు. ఇంటి నుంచి పని చేసిన రోజుల్లో తెచ్చుకున్న కుక్కపిల్లలు, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి దత్తత వెళ్ళిన కుక్కలు, పిల్లలు అమెరికా వెళ్ళిపోతే అమ్మానాన్నల దగ్గర మిగిలిపోయిన కుక్కలు, వీటిలో ఈ సమస్య తరచుగా కనిపిస్తుంది. మీది ఏ రకమైనా పద్ధతి మారదు.

ముందు అది బెంగేనని తేల్చుకోండి

అలమరలో పాత ఫోను ఒకటి పడి ఉంటుంది, తీయండి. వీధి తలుపు కనిపించేలా టీవీ స్టాండు మీద నిలబెట్టి, మీ ఫోనుకు వీడియో కాల్ కలపండి, కనిపించేదాన్ని రికార్డు చేసుకోండి. మీ మాట దానికి వినిపించకుండా మీ వైపు మైకు ఆపేయండి. రోజూ వెళ్ళినట్టే బయటికి వెళ్ళి, కింద గేటు దగ్గర నిలబడి చూడండి. అరగంట చాలు. అది మరీ తల్లడిల్లుతుంటే అంతసేపూ అక్కరలేదు, వెంటనే పైకి వెళ్ళండి. మీకు కావలసినది తెలిసిపోయింది.

బెంగ ఉన్న కుక్క తలుపు మూసుకున్నాక కాసేపు కదలదు. చెవులు వెనక్కి వాలి ఉంటాయి, చూపు తలుపు కింది సందు మీదే. ముక్కు ఆ సందుకు ఆనించి గట్టిగా గాలి పీలుస్తుంది. ఆ తరువాత కాలుగాలిన పిల్లిలా (కుక్కకు ఈ పోలిక నచ్చకపోవచ్చు) హాల్లోంచి వంటగదికి, వంటగది నుంచి తలుపు దగ్గరికి తిరుగుతుంది. ఫ్యాను తిరుగుతున్నా రొప్పుతుంది. ముందు తిండి లేకపోయినా పెదవులు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. కుయ్యిమనే మూలుగు, మొరుగుడు, ఊళ ఆ తరువాతే. ఈ వరస చాలా కుక్కల్లో మొదటి అరగంటలోనే బయటపడుతుంది.

విసుగుతో ఇల్లు పీకే కుక్క ఇలా ఉండదు. హాయిగా ఒక నిద్ర తీసి, లేచి, ఒళ్ళు విరుచుకుని, అప్పుడు దిండు పని పడుతుంది. దానికి కావలసింది ఇంకాస్త నడక, కొరకడానికి ఒక వస్తువు, ఈ వ్యాసం కాదు. కిటికీలోంచి డెలివరీ అబ్బాయి కనిపించినప్పుడల్లా మొరిగి, అతను వెళ్ళగానే పడుకునే కుక్కకైతే ఒక కర్టెన్ చాలు. మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా మూత్రం ఆపుకోలేకపోతుంటే మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించండి. పదేళ్ళు దాటిన కుక్క కొత్తగా ఇలా మొదలుపెడితే నొప్పులు, చూపు తగ్గడం, వయసుతో వచ్చే మతిమరుపు వంటివి కారణం కావచ్చు. ఏ కుక్కనైనా శిక్షణకు ముందు ఒకసారి పశువైద్యుడికి చూపించడం మంచిది. వీడియో కూడా వెంట తీసుకెళ్ళండి, పది నిమిషాల మాటల కంటే అది ఎక్కువ చెబుతుంది.

వీడియోలో ఒక్క అంకె మాత్రం రాసుకోండి: మొదటి అశాంతి ఎన్నో సెకనులో కనిపించింది? మొరిగిన సమయం కాదు, తలుపు సందు దగ్గర నిలబడి మొదటిసారి పెదవులు నాకిన సమయం. అది 40 సెకన్లు కావచ్చు, 4 సెకన్లూ కావచ్చు. మీ శిక్షణ దానికి ఈవలి వైపున మొదలవుతుంది.

నేర్పే రోజుల్లో ఒంటరిగా వదలకండి

చాలామందికి మింగుడుపడని అడుగు ఇది. కాని దీన్ని తప్పించుకుంటే మిగతా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. పొద్దున ఓపికగా నేర్పించి, తరువాత తొమ్మిది గంటలు తాళం వేసి వెళితే, నేర్చుకున్నదంతా మధ్యాహ్నానికి తుడిచిపెట్టుకుపోతుంది. తలుపు మూసుకుంటే ఒకసారి ఏమీ జరగదు, ఇంకోసారి ప్రాణం మీదికి వస్తుంది అన్నదే దానికి మిగిలే పాఠం.

కాబట్టి కొన్ని వారాలకు ఏర్పాటు చేసుకోండి. మీరే ఉండాల్సిన అవసరం లేదు, ఈ కుక్కల్లో ఎక్కువ భాగానికి పక్కన ఎవరో ఒక మనిషి ఉంటే చాలు. భార్యాభర్తలు ఆఫీసు రోజులను మార్చుకోవచ్చు. అమ్మనో అత్తగారినో పిలిపించుకోవచ్చు. వారికి కుక్క అంటే గిట్టకపోతే బలవంతం చేయకండి, భయపడే మనిషి పక్కన భయపడే కుక్క కుదుటపడదు. పై అంతస్తులో పోటీ పరీక్షలకు చదువుకునే అబ్బాయి ఉంటే మీ హాల్లో ఫ్యాను కింద కూర్చుని చదువుకోమనండి, కాఫీ, టిఫిను మీ ఖర్చు. పనిమనిషి వచ్చే వేళకు మీరు వెళ్ళే వేళ కలిసేలా సర్దుకుంటే రోజుకు రెండు గంటలైనా కలిసివస్తాయి. నగరాల్లో పగటిపూట కుక్కలను చూసుకునే డే కేర్లు ఉన్నాయి. డబ్బు కట్టేముందు లోపలికి వెళ్ళి చూడండి. కుక్కలను రోజంతా బోనుల్లో పెట్టే చోటైతే మీ ఇంట్లో పడే బాధే అక్కడా పడుతుంది.

ఇవేవీ పూర్తిగా కుదరని ఇళ్ళు ఉంటాయి. అప్పుడు వీలైనన్ని గంటలు తగ్గించండి. తప్పనిసరిగా వదలాల్సిన రోజున వేరే తలుపు నుంచి వెళ్ళడం, వేరే గదిలో పడక వేయడం వంటివి చేస్తే సాధన చేసే తలుపుతో ఆ భయం ముడిపడటం కొంత తగ్గుతుంది. పశువైద్యుడితో మందుల మాట ముందే ఎత్తాల్సింది కూడా ఇలాంటి ఇళ్ళవారే.

తాళంచెవుల గలగల

మీరు వెళ్ళబోతున్నారని కుక్కకు మీకంటే ముందే తెలుస్తుంది. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు, హెల్మెట్, టిఫిను డబ్బా మూత చప్పుడు, చివరికి తాళంచెవులు. మీరు సాక్సు తొడుక్కునేసరికే అది మంచం కింద దూరుతుంటే, తలుపు దాకా రాకముందే భయం మొదలైందన్న మాట.

వీటిని ఇంట్లోనే అరగదీయండి. తాళంచెవులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టుకోండి. హెల్మెట్ పెట్టుకుని సోఫాలో కూర్చుని పేపరు చదవండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒక్కోసారి ఒక్క వస్తువే, రోజులో వేర్వేరు వేళల్లో, ఏ హడావుడీ లేకుండా. తాళంచెవుల చప్పుడుకు అది తల కూడా ఎత్తని రోజు వస్తుంది. అప్పటిదాకా కింద చెప్పే గడప సాధనను తాళంచెవులు, బ్యాగు లేకుండానే చేయండి. తలుపు దగ్గర నిలకడ వచ్చాక వాటిని ఒక్కొక్కటిగా కలపవచ్చు.

దీంతోపాటు దానికంటూ ఒక చోటు చూపించండి. పాత దుప్పటి మడతపెట్టి హాల్లో ఒక మూల వేస్తే చాలు. అది తనంతట తాను వెళ్ళి కూర్చున్నప్పుడల్లా మాట్లాడకుండా ఒక చిన్న ముక్క తిండి దాని ముందు పెట్టండి. మీరు స్నానానికి వెళితే తలుపు బయట కాపలా కాసే కుక్క, దుప్పటి మీదే పడుకుని మీ కోసం చూడటం నేర్చుకుంటే సగం దూరం వచ్చినట్టే. అలాగని దాన్ని దగ్గరకు రానివ్వకపోవడం, ముద్దు చేయడం మానేయడం అక్కరలేదు. మంచం మీద పడుకోనిచ్చినందుకే ఇలా తయారైందని చుట్టాలు తీర్పు చెబుతారు. ఆ తీర్పుకు ఆధారం లేదు.

గడప దాటే సాధన

రోజులో ఒకసారి, ఇరవై నిమిషాలకు మించకుండా చేయండి. వారానికి నాలుగైదు రోజులు చాలు, సెలవు ఇద్దరికీ అవసరమే. కుక్క మూత్రానికి వెళ్ళి వచ్చి, తిని, కాస్త నిదానంగా ఉన్న వేళ చూసుకోండి. పాత ఫోను దాని చోట ఉండాలి, మీ చేతిలోని ఫోనులో దాని ముఖం కనిపిస్తూ ఉండాలి. చూడకుండా చేసే సాధన గుడ్డి లెక్కే. మొరగలేదు కాబట్టి బాగానే ఉందనుకుంటాం, అక్కడ అది వణుకుతూ నిలబడి ఉంటుంది.

మొదటి రోజు మీరు బయటికే వెళ్ళకపోవచ్చు. సోఫాలోంచి లేచి తలుపు దాకా నడిచి తిరిగి వచ్చి కూర్చోండి. కుక్క మీ వెనకే వస్తే రానివ్వండి, ‘కూర్చో, ఉండు’ అని ఆజ్ఞలు వద్దు. పది సార్లు మీరు ఊరికే లేచి తలుపు దాకా వెళ్ళి వస్తే పదకొండోసారి అది లేవదు. తరువాత గొళ్ళెం ముట్టుకుని రండి. ఆ తరువాత గొళ్ళెం తీసి మళ్ళీ వేసి రండి. తలుపు కొద్దిగా తెరిచి మూయండి. ఒక కాలు బయట పెట్టి వెనక్కి తీయండి. ప్రతి దశలోనూ ఒకటే చూడాలి: దాని ఒళ్ళు మెత్తగా ఉందా? మెత్తగా ఉన్న కుక్క ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది, గడ్డం నేలకు ఆనిస్తుంది, బరువుగా ఊపిరి వదులుతుంది. బిగుసుకున్న కుక్క నాలుగు కాళ్ళ మీదా సమంగా నిలబడి, నోరు మూసి, మిమ్మల్నే చూస్తుంది. బిగుసుకుంటే వెనకటి దశకు వెళ్ళండి.

బయటికి వెళ్ళి తలుపు మూసే దశ వచ్చాక సెకన్లు లెక్కపెట్టండి. వీడియోలో మొదటి అశాంతి 20 సెకన్ల దగ్గర కనిపించిందనుకుందాం. అయితే ఈ రోజు వెళ్ళి రావడాలు 3 సెకన్లు, 6, 2, 8, 1, 5, 10 ఇలా ఉంటాయి. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే కుక్క ఆ లెక్క పసిగట్టి, ఈసారి ఇంకా ఎక్కువసేపు అని ముందే బెంబేలెత్తుతుంది. మధ్యమధ్య చిన్నవి పడుతుంటే ఊపిరి పీల్చుకుంటుంది. తిరిగి లోపలికి వచ్చినప్పుడు పండగ చేయకండి. మామూలుగా వచ్చి కూర్చుని, అది మళ్ళీ కుదుటపడేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగి, ఆ తరువాతే మరోసారి లేవండి.

రేపు ఎంతసేపు అన్నది ఈ రోజు కుక్క చెబుతుంది, మీ క్యాలెండరు కాదు. 10 సెకన్లు ఆవులిస్తూ గడిపితే రేపు 15 పెట్టండి. తలుపు దగ్గరికి వచ్చి నిలబడితే 7కు తగ్గండి. పొరపాటున అది ఏడుపు మొదలుపెడితే, ఏడుపు ఆపేదాకా బయట ఆగి లోపలికి వెళ్ళాలని కొందరు చెబుతారు, లేకపోతే ఏడిస్తే వస్తారని నేర్చుకుంటుందట. భయంతో ఏడ్చే జీవికి ఆ లెక్క వర్తించదు. వెంటనే లోపలికి వెళ్ళండి, ఆ రోజుకు సాధన ముగించండి, మరునాడు సగానికి తగ్గించి మొదలుపెట్టండి.

అపార్టుమెంటులో ఉండేవారికి కొన్ని అదనపు మెట్లు ఉంటాయి. తలుపు మూసి అక్కడే నిలబడితే మీ వాసన, మీ ఊపిరి చప్పుడు దానికి అందుతూనే ఉంటాయి, అందుకే మొదటి నిమిషం త్వరగా వచ్చేస్తుంది. తాళం తిప్పిన చప్పుడు ఒక కొత్త మెట్టు. మెట్ల మీద మీ అడుగుల చప్పుడు దూరమవడం మరొకటి. లిఫ్టు వచ్చి ఆగిన చప్పుడు, దాని తలుపు మూసుకున్న చప్పుడు ఇంకొకటి. లిఫ్టు ఎక్కగానే మీరు నిజంగా వెళ్ళిపోయారని దానికి తెలుసు. ప్రతి కొత్త చప్పుడు దగ్గరా సమయాన్ని మళ్ళీ సెకన్లకు దించండి. లిఫ్టు పిలిచి ఎక్కకుండా వెనక్కి రండి. ఒక అంతస్తు దిగి మెట్ల మీదుగా ఎక్కి రండి. ఇండిపెండెంట్ ఇళ్ళలో గేటు కిర్రుమనడం, బండి స్టార్ట్ అవడం ఇలాంటి మెట్లే. బండి స్టార్ట్ చేసి, ఆపి, లోపలికి రండి. వాచ్‌మన్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి, లేకపోతే మీకేమైందోనని కంగారుపడతాడు.

మొదటి 40 నిమిషాలే కష్టం. శిక్షణ కాలంలో ఎక్కువ భాగం అక్కడికే పోతుంది. అది దాటాక ఐదేసి, తరువాత పదిహేనేసి నిమిషాలు పెంచవచ్చు. గంటన్నర నిశ్చింతగా ఉండగలిగిన కుక్క సాధారణంగా నాలుగు గంటలూ ఉండగలుగుతుంది. ఒకే వేళలో కాక పొద్దున, సాయంత్రం మార్చి మార్చి చేయండి. పొద్దున ఎండ పడే హాల్లో నిద్రపోయే కుక్క, చీకటిపడ్డాక అదే హాల్లో భయపడటం మామూలే. వెళ్ళేటప్పుడు ఒక దీపం వెలిగించి ఉంచడం చిన్న విషయమే, పని చేస్తుంది.

తిండి బొమ్మలు, నడక, పాటలు

లోపల తిండి కూరే రబ్బరు బొమ్మలు, కాంగ్ వంటివి, దుకాణాల్లో దొరుకుతాయి. ఉప్పు లేని పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెడితే నాకడానికి చాలాసేపు పడుతుంది. బెంగ తక్కువగా ఉన్న కుక్కకు ఇది బాగా పనికొస్తుంది. బెంగ ముదిరిన కుక్క దాన్ని ముట్టుకోదు, మీరు వచ్చాక మాత్రం ఆవురావురుమని తింటుంది. అలా జరిగితే మీరు వెళ్ళిన సమయం దానికి చాలా ఎక్కువైందని అర్థం. ఇంకో చిక్కు కూడా ఉంది: తిండి ఉన్నంతసేపు మీరు వెళ్ళిన సంగతి పట్టించుకోని కుక్క, అది అయిపోయిన క్షణంలో తలెత్తి చూసి ఒక్కసారిగా బెంబేలుపడుతుంది. అందుకే గడప సాధనను తిండి లేకుండా చేయమంటాను, బొమ్మను మీరు ఇంట్లో ఉన్నప్పుడు ఇవ్వండి. వేరుశనగ వెన్న కూరేవారు డబ్బా మీద జైలిటాల్ అని ఉందేమో చూడండి, ఆ తీపి పదార్థం కుక్కలకు విషం. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి కూడా పెట్టకూడదు.

నడక విషయంలో దూరం కంటే వాసనలు ముఖ్యం. పట్టీ వదులుగా ఉంచి, ప్రతి స్తంభం దగ్గరా దానికి కావలసినంతసేపు ఆగనివ్వండి. ఎండాకాలంలో ఆరు గంటలకే వెళ్ళి రావాలి, తొమ్మిదికల్లా తారు రోడ్డు పాదాలను కాలుస్తుంది. నడిచి వచ్చాక అరగంట నిదానపడనిచ్చి ఆ తరువాతే మీరు బయలుదేరండి.

పాటల సంగతికి వస్తే, ఆశ్రయ కేంద్రాల్లోని కుక్కల మీద బెల్‌ఫాస్ట్‌లో డెబోరా వెల్స్ బృందం చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వింటే అవి ఎక్కువసేపు పడుకున్నాయి, హెవీ మెటల్ వింటే మొరుగుడు పెరిగింది. మన వీణ, వేణువు కూడా పెట్టి చూడవచ్చు, కాని మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా పెట్టండి. మీరు వెళ్ళేటప్పుడు మాత్రమే వినిపిస్తే అది కూడా మరో తాళంచెవుల చప్పుడు అవుతుంది.

వచ్చేసరికి ఇల్లు చిందరవందరగా ఉంటే

ఏమీ అనకండి. చినిగిన పరుపు పక్కన తల వంచుకుని, చెవులు వాల్చి, ఓరగా చూస్తుంటే ‘చూడండి, తప్పు చేశానని దానికి తెలుసు’ అంటాం. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగం ఈ నమ్మకాన్నే పరీక్షించింది. వద్దన్న తిండిని కుక్క తిన్నదా లేదా అన్నదానితో ఆ తప్పు చేసిన చూపుకు సంబంధం లేదు, యజమాని మందలించినప్పుడే అది ఎక్కువగా కనిపించింది, నిజానికి ఏ తప్పూ చేయని కుక్కల్లో కూడా. ఆ చూపు మీ కోపానికి జవాబు. రోజూ మీరు కోపంగా తలుపు తీస్తుంటే, మీరు వెళ్ళడంతోపాటు మీరు రావడం కూడా దానికి భయమవుతుంది.

కుక్కను వేరే గదిలో ఉంచి శుభ్రం చేయండి. ఫినాయిల్ వద్దు, తడి నేలను నాకితే కుక్కకు ప్రమాదం. ఎంజైములతో పనిచేసే క్లీనర్లు పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతాయి, మూత్రం వాసనను పోగొట్టేవి అవే. వాసన మిగిలితే మళ్ళీ అక్కడే పోస్తుంది.

మందుల మాట

మందులంటే మత్తు ఇచ్చి పడుకోబెట్టడమని మనవాళ్ళ భయం. ఈ సమస్యకు ఇచ్చేవి అవి కావు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కుక్కల బెంగకు శిక్షణతోపాటు వాడటానికి క్లోమిప్రమిన్‌ను 1998లో, ఫ్లూయాక్సిటిన్‌ను 2007లో అనుమతించింది. ఇవి రోజూ వేయాల్సినవి, పూర్తి ఫలితం తెలియడానికి నెల పైగా పట్టవచ్చు, వారంలో మార్పు లేదని ఆపేయకూడదు, ఆపాలన్నా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ ఆపాలి. మొదట్లో ఆకలి మందగించడం, మగతగా ఉండటం కొన్ని కుక్కల్లో కనిపిస్తుంది. 3 సెకన్లకే వణికే కుక్క, తలుపు కొరికి పళ్ళు విరగ్గొట్టుకునే కుక్క, కిటికీలోంచి దూకబోయే కుక్క విషయంలో ‘ముందు శిక్షణ చూద్దాం, తరువాత మందు’ అనడం దానికి అన్యాయం. రెండూ కలిపి మొదలుపెట్టండి. బాగా భయపడిన మెదడు కొత్త విషయం నేర్చుకోలేదు, మందు నేర్చుకోగలిగే స్థితికి తెస్తుంది.

డాక్టరుకు తప్పకుండా చెప్పాల్సినది ఒకటుంది. పిడుదులకు మన దగ్గర అమిట్రాజ్ ఉన్న మందుతో కడగడం మామూలు. పై రెండు మందుల్లో ఏది వాడుతున్నా అమిట్రాజ్ వాడకూడదు, అవి కలిస్తే ప్రమాదం. పిడుదులకు వేరే మందు అడగండి. ఇంట్లోవాళ్ళ నిద్రమాత్రలో సగం విరిచి వేయడం, కంపౌండరు చెప్పాడని ఏదో ఇంజెక్షను చేయించడం చేయకండి. ఎసిప్రొమజిన్ వంటి మత్తు మందు ఒక్కటే ఇస్తే ఒళ్ళు కదలదు గాని భయం లోపల అలాగే ఉంటుంది.

చేయకూడనివి

బాల్కనీలో కట్టేయడం మొదటిది. గ్రిల్లు లేని బాల్కనీలోంచి భయంతో దూకిన కుక్కలున్నాయి, గొలుసు మెడకు బిగుసుకున్నవీ ఉన్నాయి, మే నెల మధ్యాహ్నం సంగతి చెప్పనే అక్కరలేదు. కుక్కను పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా.

బోను అలవాటు లేని కుక్కను అందులో పెట్టి తాళం వేస్తే ఇల్లు బాగుంటుంది, కుక్క గోళ్ళు, పళ్ళు బాగుండవు. మొరిగితే షాకు కొట్టే మెడపట్టీ అంటే భయపడినందుకు నొప్పి కలిగించడమే. ఇక ‘తోడుగా ఇంకొకదాన్ని తెచ్చుకోండి’ అన్న సలహా. దాని బెంగ మనిషి కోసం, కుక్క కోసం కాదు. చాలా ఇళ్ళలో ఈ సలహా ఫలితం ఊళ పెట్టే కుక్కలు రెండవడమే.

పక్కింటివాళ్ళు, అసోసియేషన్

ఫిర్యాదు వాట్సాప్ గ్రూపులోకి ఎక్కేలోపు మీరే వెళ్ళి తలుపు తట్టండి. కుక్కకు ఇలా ఉంది, వైద్యం చేయిస్తున్నాం, కొన్ని వారాలు పడుతుంది, మరీ ఇబ్బందైతే గ్రూపులో కాకుండా ఈ నంబరుకు ఫోను చేయండి అని చెప్పండి. ఏ వేళలో మొరిగిందో వారినే అడిగి రాసుకోండి. మీకు అది పనికొచ్చే సమాచారం, అడిగినందుకు వారి కోపం కూడా సగం తగ్గుతుంది. రాత్రి పాళీ నుంచి వచ్చి పగలు పడుకునేవారు, పసిపిల్లలున్నవారు పక్కన ఉంటే సాధన వేళలు వారిని అడిగి పెట్టుకోండి.

కుక్కను పంపించేయాల్సిందేనని అసోసియేషన్ పట్టుబడితే, భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చూపించండి. సభ్యులంతా కలిసి తీర్మానం చేసినా పెంపుడు కుక్కలను నిషేధించడం కుదరదని, లిఫ్టు వాడవద్దనడం కూడా కుదరదని అందులో ఉంది. మొరుగుడుతో ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా చూసుకోమని పెంచేవారికి కూడా అందులోనే చెప్పారు, ఆ భాగం కూడా చదవండి.

మళ్ళీ మొదటికి వస్తే

రెండు గంటలు హాయిగా ఉన్న కుక్క ఒక రోజు పది నిమిషాలకే ఏడుస్తుంది. దసరా సెలవులకు ఇంటినిండా చుట్టాలుండి ఒక్కసారిగా ఖాళీ అయి ఉండవచ్చు, పక్క వీధిలో టపాకాయ పేలి ఉండవచ్చు, ఒంట్లో బాగుండకపోవచ్చు. మొదటి నుంచీ మొదలుపెట్టక్కరలేదు. అది చివరిసారి నిశ్చింతగా ఉన్న సమయంలో సగానికి దిగండి, అక్కడి నుంచి ఎక్కడం ఈసారి త్వరగా జరుగుతుంది. దీపావళి వారంలో సాధన పూర్తిగా ఆపేసి, టపాకాయలు కాల్చే వేళకు ఎవరో ఒకరు దాని పక్కనే ఉండండి. ఇల్లు మారితే మాత్రం కొత్త గొళ్ళెం, కొత్త లిఫ్టు, కొత్త మెట్లు కాబట్టి సెకన్ల నుంచే మొదలుపెట్టాలి. సామాన్లు దిగిన రోజే దాన్ని వదిలి పాలపాకెట్టుకు కూడా వెళ్ళకండి, వెంట తీసుకెళ్ళండి.